తువ్వాలు కింది బీగంచెవి

చింతామణి ఊళ్ళో ఈ సంగతి ఎవరిని అడిగినా ఒకే తీరుగా చెప్తారు. ఏళ్ళ తరబడి మొహాలు చూసుకోని ఇద్దరు పెద్దమనుషులు ఆసుపత్రి మంచం దగ్గర చేతులు కలుపుకున్నారట. కలిపింది నేనట. దాంతో కాలేజీలో ఆగిపోయిన సర్వర్ తెరుచుకుని ఆడపిల్లల చదువు నిలబడిందట. వర్తక సంఘం వార్షికోత్సవంలో నాకు శాలువా కప్పినప్పుడు మైకులో చదివింది కూడా ఇదే. నేను వేదిక మీద కూర్చుని విన్నాను. నోరున్న మనిషినని ఊరంతా పేరు తెచ్చుకున్నదాన్ని, ఆ రోజు మాత్రం నోరు తెరవలేదు.

ఇప్పుడు చెప్తున్నాను. వాళ్ళు చెప్పుకునేదాంట్లో సర్వర్ తెరుచుకుందన్న ఒక్క ముక్కే నిజం. మా మామ ఎవరికీ చెయ్యి ఇవ్వలేదు. ఆయన చేతిని నేను దుప్పటి కింది నుంచి లాగాను.

మా మామ చింతపండు మండీలో దళారి. నేను బాగేపల్లి నుంచి కోడలిగా వచ్చేనాటికే ఆయన బేరాల గురించి బంధువులంతా గొప్పగా చెప్పుకునేవాళ్ళు. పాతకాలపు బేరం నోటితో జరిగేది కాదు. అమ్మేవాడూ కొనేవాడూ ఒక తువ్వాలు కింద చేతులు పెట్టి, ఒకరి వేళ్ళు ఒకరు నొక్కి ధర చెప్పుకునేవాళ్ళు. ఒక వేలు పడితే ఒక లెక్క, నాలుగు వేళ్ళు కలిపి పడితే ఇంకో లెక్క, అరచేతిలో గీస్తే మరొకటి. అంకెలకే కాదు, వద్దు, చాలు, రేపు చూద్దాం లాంటి మాటలకూ నొక్కుళ్ళు ఉండేవట. చుట్టూ పదిమంది నిలబడి ఉన్నా ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. మండీలో కాటాలూ కంప్యూటర్లూ వచ్చాక ఆ విద్య పోయింది. మా ఆయన పెయింటు అంగడి పెట్టుకున్నాడు, ఆయనకు అది రాదు. నేర్పిస్తానని మామా అనలేదు, నేర్చుకుంటానని కొడుకూ అడగలేదు. ఆడవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ తువ్వాలు కింద ఆడదాని చెయ్యి ఎప్పుడూ దూరలేదు.

ఆ విద్య బాగా వచ్చినవాడు ఊళ్ళో ఇంకొకాయన ఉండేవాడు. ఒకప్పుడు మా మామతో కలిసి మండీ నడిపాడు. తర్వాత విడిపోయారు. ఎందుకు విడిపోయారో ఇంట్లో అడిగితే అందరూ వేరే పని గుర్తుకొచ్చినట్టు లేచిపోయేవాళ్ళు. ఆయన మా వర్తక సంఘానికి అధ్యక్షుడు, మా మామ కోశాధికారి. సంఘం సమావేశంలో తప్ప ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు కారు. అక్కడైనా ఒకరి ముఖం ఒకరు చూడకుండా గోడకు చెప్పినట్టు చెప్పుకునేవాళ్ళు.

ఆ సంఘమే ఆడపిల్లల డిగ్రీ కాలేజీ నడుపుతోంది. అందులో నేను కంప్యూటర్ పాఠాలు చెప్తాను, ల్యాబు చూసుకుంటాను. సర్వర్ రాకముందు మా ల్యాబులో కంప్యూటర్లకు కొదవ లేదు గానీ ఒకదానికొకటి పరిచయం లేదు. ఏ పిల్ల ఏ మిషన్ ముందు కూర్చుంటే దాని పని ఆ మిషన్‌లోనే ఉండిపోయేది. మరునాడు ఆ కుర్చీలో వేరే పిల్ల కూర్చుంటే పోట్లాట. ఏదైనా మిషన్ చెడిపోతే అందులో పని చేసిన పిల్లలంతా నా ముందు వరుసగా నిలబడి ఏడ్చేవాళ్ళు. అందుకని నేను సంఘం మీద పడ్డాను. ఎవరూ ముందు కూర్చోని, టైపింగుకు వాడని ఒక పెద్ద మిషన్ వేరుగా కావాలన్నాను. పిల్లల ఖాతాలూ ఫైళ్ళూ అందులో ఉంటాయి, ఏ పిల్ల ఏ కుర్చీలో కూర్చున్నా తన పని తన ముందుకే వస్తుంది అన్నాను.

కార్యవర్గానికి అర్థం కాలేదు. వ్యాపారులకు వ్యాపారం మాటల్లోనే చెప్పాలని నాకొక తెలివి పుట్టింది. 'మీకు బజారులో అంగళ్ళు చాలా ఉండొచ్చు, సరుకంతా ఒక్క గోదాములోనే ఉంటుంది కదా. ఇదీ అట్లాగే. ల్యాబులో ఉండే మిషన్లు అంగళ్ళు, సర్వర్ గోదాము' అన్నాను. అందరి మొహాలూ విచ్చుకున్నాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అధ్యక్షుడు గోడవైపు చూసి అడిగాడు. "అయితే ఆ గోదాముకు బీగంచెవి ఎవురి కాడ ఉంటాదమ్మా?"

నా దగ్గరేనన్నాను.

"నీ కాడంటే మీ మామ కాడే గదా," అన్నాడాయన.

మా మామ ఇంకో గోడ చూశాడు. "అట్లయితే రెండు బీగాలు ఏస్తాం. సంఘం బీరువాకు లేవా? ఒగటి ఆయప్ప కాడ, ఒగటి నా కాడ. ఇద్దరం వస్తేనే తెరుచుకోవల్ల."

ఇద్దరూ ఒక మాట మీద నిలబడటం ఏళ్ళలో అదే మొదటిసారి అనుకుంటాను. కార్యవర్గమంతా తలలూపింది. సంఘం బీరువాకు మొదటినుంచీ ఉన్న పద్ధతి అది. రెండు తాళాలు, రెండు ఇళ్ళు, ఒకరిది ఇంకొకరికి తెలియకూడదు. నేను ఊరుకుంటానా? కంప్యూటర్ బీరువా కాదన్నాను, దాన్ని చూసుకునే మనిషి ఒక్కరే ఉండాలన్నాను, ప్రపంచంలో ఎక్కడా ఇట్లా చేయరన్నాను. ప్రపంచం సంగతి ప్రపంచం చూసుకుంటుందని ఒకాయన అన్నాడు. చివరికి కోపం వచ్చి అందరి ముందూ అనేశాను: "సరేనప్పా, మీ ఇష్టం. మీ ఇద్దరిలో ఒగరు లేని దినం వస్తే అప్పుడు తెలుస్తాది."

ఆ రాత్రి మా ఆయన, బతికి ఉన్న మనిషి ముందర లేని దినం గురించి మాట్లాడతారా అని అడిగాడు. నేను చెప్పింది తప్పయితే చూపించమన్నాను. ఆయన లైటు ఆర్పి పడుకున్నాడు.

సర్వర్ వచ్చింది. ఆటసామాన్లు పడేసే గదిని ఖాళీ చేయించి, దుమ్ము దులిపించి, కిటికీలు మూయించి, ఏసీ పెట్టించాను. కరెంటు పోయినా కొంతసేపు నడిచేలా యూపీఎస్ తగిలించాను. ల్యాబులో ప్రతి తీగకూ రెండు కొసలా అంకె రాసి అంటించాను. ఒక్కో పిల్లకు ఒక్కో ఖాతా తెరిచాను. ఒకరి ఫైలు ఒకరు చూడకుండా, అందరివీ నేను దిద్దగలిగేలా హద్దులు పెట్టాను. ప్రతి సాయంత్రం అన్నిటి నకలూ రెండో డిస్కులోకి తనంతట తానే పోయేట్టు చేశాను. ఎవరూ సాయం చేయలేదు, నేను అడగనూ లేదు. నిజం చెప్పాలంటే అంత సంతోషంగా నేను ఏ పనీ చేయలేదు.

ఆఖరున తాళం. డిస్కు మొత్తానికీ తాళం వేస్తే, మిషన్ ఆగి మళ్ళీ మొదలైన ప్రతిసారీ ముందు పాస్‌వర్డ్ అడుగుతుంది. అది కొట్టందే లోపల ఏముందో దేవుడికి కూడా తెలియదు. రెండో డిస్కుకూ అదే తాళం. ఇద్దరు పెద్దలూ అక్షరాలను నమ్మరు కాబట్టి అంకెలే పెట్టుకోమన్నాను. సగం సగం అయినా చాలా పొడుగుండాలని పట్టుబట్టాను. అప్పుడు తెరమీద ఒక ప్రశ్న వచ్చింది: అవసరానికి ఇంకొక తాళంచెవి చేసి పెట్టుకుంటారా అని. చేసి పెట్టుకుంటే నా సంచిలో పడి ఉండేది, ఎవరికీ తెలిసేది కాదు. వద్దని నొక్కాను. ప్రతిసారీ ఇద్దరూ పరిగెత్తుకుని రావాలి, వచ్చి వచ్చి విసుగెత్తి నా కాళ్ళ దగ్గరికి రావాలి. అదీ నా లెక్క.

ఆ రోజు ఇద్దరూ వచ్చారు. ముందు అధ్యక్షుడు. మమ్మల్నందరినీ గోడవైపు తిరగమని, కీబోర్డు మీద తువ్వాలు కప్పుకుని, దాని అంచు ఎత్తి తొంగిచూస్తూ ఒక్కొక్క అంకే కొట్టాడు. తర్వాత మా మామ అదే తీరుగా, ఇంకా నిదానంగా. గుమ్మం దగ్గర పిల్లలు నోటికి చున్నీలు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. "మామా, బేరం కుదిరిందా?" అన్నాను. ఆయన నవ్వలేదు. "నవ్వుకోమ్మా. నీకేం తెలుసు," అన్నాడు.

ఏడాది గడిచింది. సర్వర్ ఒక్కసారి కూడా ఆగలేదు, అంత బాగా పెట్టాను.

అప్పుడు మామకు పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది, కుడి పక్కంతా పోయింది. చిక్కబళ్ళాపురం ఆసుపత్రిలో చేర్చాము. ఆడబిడ్డ ఆయన దగ్గరే ఉండిపోయింది. నేను కాలేజీ చూసుకుని వీలైనప్పుడు పోయి వస్తున్నాను. ఆఖరి ఏడాది పిల్లల ప్రాజెక్టులు ముగింపుకు వచ్చాయి. విశ్వవిద్యాలయం నుంచి పరీక్షకులు వచ్చి చూసేది ఆ వచ్చే వారమే. సరిగ్గా అప్పుడే కాలేజీ వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కరెంటు ఒక పగలూ ఒక రాత్రీ రాలేదు. యూపీఎస్ ఎంతసేపని మోస్తుంది? కరెంటు వచ్చాక సర్వర్ నల్లటి తెరమీద ఒక్క గీత చూపించి, పాస్‌వర్డ్ కోసం కాచుక్కూర్చుంది.

బెంగళూరులో తెలిసినవాళ్ళకు ఫోన్ చేశాను. తాళం చాలా గట్టిగా వేశారు మేడం అని మెచ్చుకున్నారు.

మిట్టేమరి నుంచి రెండు బస్సులు మారి వచ్చే పిల్ల ఒకతి ఉండేది. ఇంట్లో కంప్యూటర్ లేదు, ల్యాబులో కూర్చున్నంతసేపే దాని చదువు. వేరుసెనగ రైతుల కోసం ఏదో చేసింది, ఏడాది పని. ఆ పిల్ల ఏడవలేదు. "మళ్ళీ మొదట్నుంచి చేస్తే అయితాదా మేడం, నాలుగు దినాల్లో?" అని మాత్రం అడిగింది. కాదని నాకు తెలుసు. అవుతుందో లేదో చూద్దామన్నాను.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కాను. గదిలోకి పోయి మంచం దగ్గర నిలబడి నేను అడిగిన మొదటి మాట, ఎట్లా ఉన్నారని కాదు. "మామా, మీ నంబరేంది?" అన్నాను. ఆడబిడ్డ ఆయనకు గంజి తాగిస్తోంది. గిన్నె పట్టుకుని నన్ను అట్లాగే చూసింది.

ఫోనులో అంకెలు తెరిచి ఆయన ఎడమచేతి కింద పెట్టాను. ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు. చేతకాకనా, ఇష్టంలేకనా, నాకు తెలియలేదు. ఒకటి, రెండు అని లెక్కపెట్టి చెప్తాను, సరైనదానికి కళ్ళు ఆర్పమన్నాను. కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి తెరిచి, ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుని దుప్పటి కిందికి లాక్కున్నాడు. ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

నా మధ్యవేలు పట్టుకున్నాడు, వదిలాడు. నాలుగు వేళ్ళూ కలిపి గట్టిగా పట్టుకున్నాడు. మళ్ళీ మధ్యవేలు. తర్వాత అరచేతిలో బొటనవేలితో రెండుసార్లు గీశాడు. అంకెలు! ఆయన నంబరు చెప్తున్నాడు! నా మొహం వెలిగి ఉంటుంది. అది చూసి, నాకు అర్థమైందనుకున్నాడేమో, ఆయన పెద్దగా ఊపిరి వదిలి తల దిండు మీద వాల్చాడు.

ఆ వేళ్ళు చదవగలిగినవాడు చింతామణిలో ఒక్కడే మిగిలాడు. మామ నంబరు ఎవరికి తెలియకూడదని రెండు తాళాలు పెట్టారో ఆయనే.

అధ్యక్షుడి ఇంటికి పోయాను. ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు. "మీ మామ ఒప్పుకున్నాడా?"

ఒప్పుకున్నాడన్నాను.

మరునాడు ఆయన కారులోనే చిక్కబళ్ళాపురం పోయాము, మా ఆయన కూడా వచ్చాడు. గుమ్మంలో ఆ మనిషిని చూడగానే మామ ఎడమచెయ్యి దుప్పటి కిందికి పోయింది. అధ్యక్షుడు అక్కడే ఆగిపోయాడు. "ఇష్టం లేకుంటే వద్దులేమ్మా," అన్నాడు.

ఎదుటివాడు వద్దంటే నాకు పట్టుదల పెరుగుతుంది, పుట్టుకతో వచ్చిన రోగం. మంచం మీదికి వంగి మాట్లాడటం మొదలుపెట్టాను. ఆడపిల్లల బతుకు మామా అన్నాను. మీ పాత పగలకు వాళ్ళెందుకు బలి కావాలన్నాను. రెండు బీగాలని పట్టుబట్టింది మీరేనన్నాను. నేనా రోజే చెప్పానన్నాను, అదీ అన్నాను. నా జీవితంలో చాలా వాదనలు గెలిచాను గానీ, ఎదుటి మనిషికి నోరు లేకుండా గెలిచింది అదొక్కటే.

"వదినా, వద్దు," అంది ఆడబిడ్డ.

దుప్పటిలో చెయ్యి పెట్టి ఆయన మణికట్టు పట్టుకుని బయటికి లాగాను. ఆయన వెనక్కి లాక్కున్నాడు. పక్షవాతం వచ్చిన మనిషి, అది కూడా ఎడమచెయ్యి, ఎంత బలం ఉంటుంది? అధ్యక్షుడి చేతిలో పెట్టి పైన తువ్వాలు కప్పాను. కప్పినా మణికట్టు వదల్లేదు. మా ఆయన అప్పుడే ఫోనులో ఫొటో తీశాడు. సంఘం గ్రూపులో తిరిగిందీ, వార్షికోత్సవంలో పెద్దది చేసి కట్టిందీ ఆ ఫొటోనే. చూసినవాళ్ళు నేను ఇద్దరి చేతులూ కలుపుతున్నానంటారు. సరిగ్గా చూస్తే నా వేళ్ళ కణుపులు తెల్లగా ఉన్నాయి.

కొంతసేపు తువ్వాలు కింద ఏమీ కదల్లేదు. తర్వాత కదిలింది. అప్పుడు నేను చెయ్యి తీసేశాను. అధ్యక్షుడి మొహంలో ఏమీ కనపడలేదు, బేరగాళ్ళ మొహాలు అంతే. మామ కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి. పాస్‌వర్డ్ ఎంత పొడుగో నాకు తెలుసు. నేను పెట్టించిందే కదా. అది చెప్పడానికి పట్టేదానికన్నా చాలా చాలా ఎక్కువసేపు ఆ తువ్వాలు కదులుతూనే ఉంది. నర్సు వచ్చి సెలైన్ మార్చి పోయింది. ఇంకా కదులుతూనే ఉంది.

దారిలో నంబరు నాకు చెప్పమంటే అధ్యక్షుడు తల అడ్డంగా ఊపాడు. సర్వర్ గదిలో నన్ను గోడవైపు తిరగమని, తన సగమూ మామ సగమూ తానే కొట్టాడు. ఈసారి తువ్వాలు కప్పలేదు. వెనకాల ఫ్యాన్ల చప్పుడు పెరిగింది. తిరిగి చూస్తే తెరమీద పిల్లల ఖాతాలన్నీ ఒక్కొక్కటిగా లేస్తున్నాయి.

పరీక్ష జరిగింది. మిట్టేమరి పిల్ల బాగా చెప్పింది, తర్వాత పచ్చి వేరుసెనక్కాయలు సంచి నిండా తెచ్చి ఇచ్చింది. ఇంటికి తీసుకుపోయి ఉడకబెట్టాను. నేను ముట్టకుండా ఇంట్లోవాళ్ళకు పంచేశాను.

మామను ఇంటికి తెచ్చుకున్నాము. ఆయన బతికిన ఆ కొద్ది వారాలూ మధ్యాహ్నం అన్నం నేనే తినిపించాను. నోరు తెరిచేవాడు, తినేవాడు. కానీ నేను గదిలోకి అడుగుపెట్టగానే ఆ ఎడమచెయ్యి దుప్పటి కిందికి పోయేది. ఆడబిడ్డ వస్తే బయటికి వచ్చేది. మనవడు వస్తే వాడి జుట్టు నిమిరేది. నేనొస్తే లోపలికి పోయేది. ఒకరోజు దుప్పటి పక్కన నా చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఆయన గోడవైపు చూస్తూ ఉండిపోయాడు.

ఆయన పోయాక సంఘం రెండు తాళాల మాట ఎత్తలేదు. పాస్‌వర్డ్ మార్చి నీ దగ్గరే ఉంచుకోమ్మా అన్నారు. నేను అడిగిందే చివరికి నాకు దక్కింది. దాని మీద శాలువా కూడా.

శాలువా కప్పిన మరునాడు అధ్యక్షుడి ఇంటికి పోయాను. ఆయన భార్య కాఫీ ఇచ్చి అక్కడే కూర్చుంది. మైకులో చెప్పింది అబద్ధమని మీకు తెలుసు, ఎందుకు ఊరుకున్నారని అడిగాను. నువ్వెందుకు ఊరుకున్నావమ్మా అన్నాడు. అప్పుడు అసలు సంగతి అడిగాను. అంకెలు చెప్పడానికి అంతసేపు ఎందుకు పట్టింది?

ఆయన కాఫీ తాగి గ్లాసు కింద పెట్టాడు. "అంకెలు ఆఖరుకు చెప్పినాడు," అన్నాడు.

"ముందేం చెప్పినాడప్పా?"

"అది మా ఇద్దరి బేరం. తువ్వాలు కింద మాట తువ్వాలు కిందే ఉండల్ల."

నన్ను తిట్టాడా అని అడిగాను. పాత సంగతులా అని అడిగాను. ఆయన కిటికీ బయటికి చూశాడు. సరే, మీ ఇద్దరిదీ మీరే ఉంచుకోండి, ముందురోజు నాకు చెప్పిందైనా చెప్పండి, అది నాదే కదా అన్నాను. బల్లమీద చెయ్యి పెట్టి నా మధ్యవేలు నేనే పట్టుకుని చూపించాను. నాలుగు వేళ్ళూ కలిపి పట్టుకున్నాను. మళ్ళీ మధ్యవేలు. అరచేతిలో రెండు గీతలు. ఆయన చూశాడు. రెండోసారి చూపించమన్నాడు. చూపించాను. ఆయన మొహంలో ఏదో కదిలింది, లేకపోతే నాకట్లా అనిపించింది.

"ఇది చూస్తే తెలిసేది గాదమ్మా. యాడ ఎంత నొక్కినాడో పట్టుకుంటేనే తెలుస్తాది."

నా చెయ్యి ఆయన ముందుకు చాపాను. భుజం మీది కొంగు తీసి, ఇదిగో, పైన కప్పండి అన్నాను. ఆయన తన భార్యవైపు చూశాడు, నా చేతివైపు చూశాడు. తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆడమనిషి చెయ్యి. పట్టుకోకూడదు, వద్దమ్మా," అన్నాడు.

ఆ నొక్కుళ్ళు నా చేతికి ఇంకా గుర్తున్నాయి. ల్యాబులో పిల్లలు పని చేసుకుంటుంటే బల్ల కింద నా వేళ్ళు నేనే పట్టుకుని చూసుకుంటాను, మరిచిపోకుండా ఉండటానికి. పాస్‌వర్డ్ కావాలని పోయినదాన్ని కాబట్టి అవి అంకెలే అనుకున్నాను. దాహం అయి ఉండొచ్చు. ఇంటికి తీసుకుపొమ్మని అయి ఉండొచ్చు. ఆ మనిషిని మాత్రం నా దగ్గరికి తేవద్దని కూడా అయి ఉండొచ్చు. అర్థమైందనుకుని ఆయన అంత నిమ్మళంగా తల వాల్చాడే, ఆ రోజు మా మామ నన్ను అడిగిందేమిటి?